కొండకింది జిన్నులో చేతిమాటలు

ఆదోనిలో ఇప్పుడు పత్తి గింజలు తీసే కొండకింది జిన్ను ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. సిమెంటు గోడౌను అంటే మాత్రం ఆటోవాడు నేరుగా తీసుకుపోయి దించుతాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఊళ్లో ఎవరూ సిమెంటు మొహం చూడని రోజుల్లో, గానుగ సున్నంతో కట్టిన గోడలవి. ఒక్కో రాయి ఎత్తడానికి నలుగురు కావాలి. అలాంటిదాన్ని పట్టుకుని సిమెంటు గోడౌను అంటారా? ఆ గోడల మధ్య ఉయ్యాలలో పెరిగినదాన్ని కాబట్టి నాకు కోపం వస్తుంది, మిగతావాళ్లకు ఎందుకు వస్తుంది!

కట్టించినవాడు బొంబాయి వైపు నుంచి వచ్చిన ఒక సేటు అని మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు. వెనకున్న కొండలోనే రాయి కొట్టించి ముందు ఇంజను గది, దాని పక్కన పొగగొట్టం, తర్వాత పొడుగ్గా జిన్ను హాలు, చివర దూదిని బేళ్లు కట్టే ప్రెస్సు కట్టించాడట. యంత్రాలు రైల్లో వస్తే స్టేషను నుంచి ఎద్దులతో లాగించాడట. దారిలో ఎద్దులు మొరాయిస్తే ఊరి జనమే భుజాలు పట్టారని, కాబట్టి జిన్ను సేటుది కాదు, ఊరిదని మా హులిగెమ్మ పెద్దమ్మ వాదించేది. వాదనలో ఆమెను గెలిచినవాళ్లు లేరు.

హులిగెమ్మ మా అమ్మకు సొంత అక్క. వాళ్ల అత్తవారిది ఎమ్మిగనూరు దాటి మాధవరం పోయే దారిలో ఒక మెట్ట ఊరు. వానలు లేక, భూమి పండక, పెళ్లయిన కొత్తలోనే మా పెదనాన్న ఉచ్చీరప్ప ఆమెను వెంటబెట్టుకుని ఆదోని వచ్చాడు. ఆయన ప్రెస్సులో కూలికి చేరాడు, ఆమె జిన్నులో చేరింది. కొన్నాళ్లకు మా అమ్మ హుసేనమ్మనూ పిలిపించుకుంది. పెద్దమ్మ పొడగరి, గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. గడ్డం మీద శెనగ గింజంత పుట్టుమచ్చ. పాట పాడిందంటే వీధి చివరన ఉన్నవాళ్లు కూడా పని ఆపి వినేవాళ్లు.

అంత గొంతు ఉన్న మనిషికి దేవుడు ఇచ్చిన పని చూడండి. జిన్ను హాలులో ఎంత అరిచినా పక్కమనిషికి వినపడదు. రెండు వరుసలుగా యంత్రాలు, ఒక్కో యంత్రం ముందు ఒక్కో ఆడమనిషి. ఇంజను తిరిగితే నేలకింద ఇరుసు తిరిగేది, ఇరుసు తిరిగితే బెల్టులన్నీ ఒకేసారి చప్పుడు చేసేవి. గింజపత్తి పిడికెడు పిడికెడుగా అందిస్తూ పోవాలి. దూది ఒకవైపు రాలుతుంది, గింజలు కిందికి పడతాయి. పైన రేకుల కప్పు. మాఘమాసంలో మొదలైన ఆ మోత తొలకరి పడేదాకా ఆగేది కాదు.

మనుషులు ఊరుకుంటారా? అందులోనూ ఆడవాళ్లు, అందులోనూ ఆదోని ఆడవాళ్లు. ఎప్పుడు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆ హాలులో చేతిమాట అని ఒకటి పుట్టింది. పెదవులు పెద్దగా కదిలిస్తూ చేతులతో చెప్పేవాళ్లు. మేస్త్రి మారెప్ప వస్తున్నాడంటే ముక్కు కింద లేని మీసం మెలిపెట్టాలి. అత్త గురించి చెప్పాలంటే బుగ్గ గిల్లుకోవాలి. ఇంజను నడిపే జయరాజన్న పేరు గుండెల మీద శిలువ గుర్తు. పెద్దమ్మ పేరు గడ్డం మీద వేలు. పిడికెడు పత్తి అందించి, ఇంకో పిడికెడు తీసుకునే సందులో ఒక వాక్యం అయిపోయేది. హాలు ఈ చివర మొదలైన కబురు ఆ చివరకు పోయి, నవ్వై తిరిగి వచ్చేది. మగవాళ్లకు మాత్రం అది ఎక్కలేదు. ప్రెస్సువాళ్లు దాన్ని ఆడోళ్ల భాష అని ఎగతాళి చేసేవాళ్లు. మా పెదనాన్న అందరికంటే ఎక్కువ చేసేవాడు.

ఇంకో సంగతి. జిన్ను ఆడవాళ్లు ఇంటికి వచ్చినా గొంతు దించేవాళ్లు కాదు. ఉప్పు అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉండేది. మా వీధిలో రహస్యం అనేది ఒక్కటీ నిలవలేదు.

హాలు పక్క పంచలో ఇనుప దూలాలకు పిల్లల ఉయ్యాలలు కట్టేవాళ్లు. పాత చీరల ఉయ్యాలలు, అన్నింటినీ కలుపుతూ ఒక పొడుగు తాడు. ఆ తాడు కొస తిప్పమ్మ అవ్వ చేతిలో ఉండేది. ఆమె ఒకప్పుడు జిన్నులో పనిచేసి, చూపు తగ్గాక ఉయ్యాలల దగ్గరికి వచ్చింది. ఆమె తాడు లాగితే ఉయ్యాలలన్నీ ఒకేసారి ఊగేవి. పనిచేసేవాళ్లకు తలనొప్పి తెప్పించే ఆ మోతలో పిల్లలు హాయిగా నిద్రపోయేవాళ్లు. మోత ఆగితేనే గొడవ. బెల్టు తెగో, బాయిలరులో నీళ్లు తగ్గో ఇంజను నిలిచిపోతే, ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి అందరూ ఒకేసారి రాగం తీసేవాళ్లు. ఆ ఏడుపుల్లో అన్నింటికంటే పెద్దది నాదేనని మా అమ్మ సాక్ష్యం.

లేవని బిడ్డ ఒక్కతే, మా పెద్దమ్మ కూతురు అంజినమ్మ. నాకంటే ఒక ఏడాది పెద్దది. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. యాభై ఒకటిలో ఇది పుట్టి నిలబడింది. ఆ మరుసటి ఏడు కరువు. పత్తి రాక జిన్ను ముందే నిలిచిపోయింది. అదే జిన్ను ఆవరణలో పెద్ద గుండిగలు పెట్టి జనానికి గంజి పోశారు. అంజినిని చంకన వేసుకుని పెద్దమ్మ వరుసలో నిలబడేదట. ఇంత ఆకలి కాలంలోనూ బిడ్డ కిక్కురుమనలేదని అందరూ మెచ్చుకున్నారు. ఇంజను ఆగి పంచ అంతా ఏడుపులతో దద్దరిల్లుతుంటే అంజిని ఒక్కతే రెండు పిడికిళ్లూ బుగ్గలకు ఆనించుకుని నిద్రపోయేది.

"బంగారుతల్లి మే ఇది! మీరంతా గాడిదల్ని కన్నారు, హులిగి ఒక్కతే బిడ్డను కనింది" అని తిప్పమ్మ అవ్వ మిగతా తల్లుల ప్రాణం తీసేది. పెద్దమ్మ గర్వంతో ఉబ్బిపోయేది. మా అమ్మకు మాత్రం నన్ను చూసుకుని తల కొట్టేసినట్టయ్యేదట.

అంజినికి మూడేళ్లు నిండినా మాట రాలేదు. ఎవరూ కంగారుపడలేదు. జిన్ను బిడ్డలకు మాట ఆలస్యంగా వస్తుందని అక్కడ అందరికీ తెలుసు. ముందు చేతిమాట వస్తుంది, నోటిమాట తర్వాత వస్తుంది. నాకూ అంతే జరిగింది. పైగా చేతిమాటలో అంజినిది అందెవేసిన చెయ్యి. నీళ్లు కావాలన్నా, ఆకలన్నా, ఫలానావాళ్ల పిల్లవాడు కొరికాడన్నా చక్కగా చెప్పేది. మారెప్ప మేస్త్రి మీసం తిప్పడం అయితే ఆయన కంటే అదే బాగా తిప్పేది. ఇంట్లో వెనకనుంచి పిలిస్తే తిరిగి చూసేది కాదు. మొండితనం, తండ్రి పోలిక అని పెద్దమ్మ తేల్చేసింది. పెదనాన్నకు మొండితనం ఉన్నమాట నిజమే కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఏటా పత్తి రావడం మొదలవగానే మొదటిరోజు ఇంజనుకు పూజ చేసేవాళ్లు. బాయిలరుకు కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి, జయరాజన్న ఆ ఏటి మొదటి కూత వేసేవాడు. ఆయన క్రిస్టియను. టెంకాయ కొట్టేటప్పుడు పక్కకు నిలబడి తన ప్రార్థన తాను చేసుకునేవాడు, ఆ తర్వాత బొరుగులు అందరికంటే ముందు తినేవాడు. యాభై ఐదులో ఆ పూజకు పిల్లలందరినీ ఇంజను గది గుమ్మం ముందు కూర్చోబెట్టి చేతుల్లో బొరుగులు, బెల్లం పోశారు. నెలల తరబడి మూతపడిన చోటు. మనుషుల మాటలు తప్ప ఇంకో చప్పుడు లేదు. జయరాజన్న కూత తీగ లాగాడు.

అంత దగ్గరగా కూత పడేసరికి పిల్లలందరూ బొరుగులు పారబోసి తల్లుల కాళ్లకు చుట్టుకున్నారట. నేను మా అమ్మ చీరలోకి దూరానట. అంజిని కదల్లేదు. కూత దాని నెత్తిమీదే మోగుతుంటే, తల వంచుకుని అరచేతిలో బొరుగుల మధ్యనుంచి బెల్లంముక్క ఏరుకుంటూ ఉంది. అందరూ ఎందుకు పరిగెత్తారో అర్థం కాక కాసేపటికి తలెత్తి చూసింది. జయరాజన్న తీగ వదిలేశాడు. తిప్పమ్మ అవ్వ లేచి తడుముకుంటూ వచ్చి, బిడ్డ చెవి పక్కన రెండు చేతులూ గట్టిగా చరిచింది. బిడ్డ ఆమె వైపు తిరగలేదు.

"హులిగీ" అంది అవ్వ. "నాలుగేండ్లు నేనే ఊపినా కదమ్మా. నాకు తెలియకపాయ."

పెద్దమ్మకు ఏడుపు అప్పుడు రాలేదట. ఇంటికి వచ్చాక వచ్చింది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని మా అమ్మతో ఒకే మాట చెప్పుకుని ఏడ్చిందట. "నేను ఎన్ని పాటలు పాడినా సెల్లీ! జిన్నులో ఇనపడదు, ఇంటికాడన్నా ఇంటుందని పాడినా. ఒక్కటి కూడా దాని సెవిలో పడల్యా." ఆ తర్వాత ఆమె పాడగా నేను ఎప్పుడూ వినలేదు. పెద్దమ్మ గొంతు గురించి నాకు తెలిసిందంతా అమ్మ చెప్పిందే. ఇది రాస్తుంటే కూడా నాకు ఏడుపు వస్తోంది.

సరిగ్గా అదే కాలంలో తుంగభద్ర కాలువ తవ్వుతున్నారని పెదనాన్న ఊగిపోతున్నాడు. ఆయన వాటా నేల ఊళ్లో అన్న కాశప్ప చేతిలో ఉంది. కాలువ దాని పక్కనుంచే పోతుందని కబురు వచ్చింది. కర్నూలు రాజధాని అయిందంటే పట్టించుకోని మనిషి, కాలువ ఎక్కడిదాకా వచ్చిందో మాత్రం బండివాళ్లందరినీ నిలబెట్టి అడిగేవాడు.

"పోదాం మే ఊరికి. నీళ్లు వస్తాండాయి. ఎన్ని దినాలు ఈ సేటు బేళ్లు మోసేది?" అన్నాడు పెద్దమ్మతో.

"నేను రాను."

"బిడ్డ ఈడుంటే సెవులు వస్తాయా?"

"సెవులు రావు. మాట ఉండాది" అంది పెద్దమ్మ. "ఈడ జిన్నులో ఎవురికి సెవులుండాయి సెప్పు? అందరూ దాని మాదిరే సేతుల్తో మాట్లాడేటోళ్లే. ఊరికి పోతే ఏమైతుంది? మూగిదానా అని పిలుస్తారు. పిలిసింది కూడా దానికి తెలీదు. ఆడ నా బిడ్డతో మాట్లాడేటోళ్లు ఎవురు? నువ్వు మాట్లాడ్తావా? సేతిమాట ఒక్కటన్నా వస్తుందా నీకు?"

పెదనాన్నకు కూతురంటే ప్రాణమే. సంతలోంచి దానికి గాజులు తెచ్చేవాడు, భుజాన ఎక్కించుకుని తిప్పేవాడు. చేతిమాట మాత్రం నేర్చుకోలేదు. బేళ్లు మోసే మగాడు గాలిలో చేతులు తిప్పుతుంటే చూసేవాళ్లు నవ్వుతారని ఆయన బాధ. ఈ మగవాళ్ల సిగ్గు మండిపోను, అది ఎంతమంది ఆడవాళ్లను ఒంటరిని చేసిందో లెక్కలేదు.

ఆ తర్వాత జిన్ను నడిచిన కాలమే అంజిని జీవితంలో పండగ. ఉయ్యాల వదిలి హాలులోకి వచ్చి, వరుసల మధ్య నడవాలో తిరిగేది. ఏ యంత్రం దగ్గర నిలబడినా అక్కడి ఆడమనిషి ఏదో ఒకటి చెప్పేది, అది ఏదో ఒకటి తిప్పికొట్టేది. పెదవులు చూసి మాట పట్టడంలో దానికి సాటి లేదు. ఎదుటివాళ్లు పూర్తిగా నోరు తెరవకముందే గ్రహించేసేది. జయరాజన్న దాన్ని ఇంజను గది గుమ్మంలో నిలబెట్టి, కూత వేసేటప్పుడు దాని అరచేయి తలుపు రేకుకు ఆనించేవాడు. రేకు అదిరితే అది కిలకిలా నవ్వేది. బయట వీధిలో ఇది చెవిటిపిల్ల. గేటు దాటి లోపలికి వస్తే అందరిలో ఒకతి. పెద్దమ్మకు కావలసింది అదే. ఆ రాతి గోడలు తన బిడ్డ కోసమే కట్టారని నమ్మేంతవరకు వెళ్లింది ఆమె.

నమ్మకాలకేం, సేటు మనవళ్లకు వాటితో పనిలేదు. తుంగభద్ర నుంచి కరెంటు వస్తోందని వాళ్లు రైలు కట్ట అవతల కొత్త ఫ్యాక్టరీ వేశారు. మోటార్లతో నడిచే కొత్త జిన్నులు వచ్చాయి. యాభై ఎనిమిది తొలకరికి ముందు కొండకింది జిన్ను ఆఖరి పత్తి ఆడింది. మారెప్ప మేస్త్రి వచ్చి, కొత్త ఫ్యాక్టరీలోకి ఎవరెవరిని తీసుకుంటారో చెప్పాడు. పెద్దమ్మ పేరు ఉంది, మా అమ్మ పేరూ ఉంది.

"పిల్లల్ని మాత్రం గేటు లోపలికి రానీరంట. ఉయ్యాలలు గియ్యాలలు ఏమీ లేవు. కొత్త రూలు" అన్నాడు మారెప్ప.

"నా బిడ్డకు ఏడేండ్లు మారెప్పన్నా. ఉయ్యాల ఎవురు అడిగినారు? నా పక్కన నిలబడుకుంటుంది, అంతే."

"నా సేతిలో ల్యా హులిగెమ్మా."

"నీ సేతిలో ఏముండాది? మీసం తప్ప!" అని పెద్దమ్మ గట్టిగా అరిచింది. మారెప్ప పాపం మంచివాడే. ఆ మాటకు కూడా కోపం తెచ్చుకోకుండా తల వంచుకుని వెళ్లిపోయాడు.

అలా ఆమెకు రెండు దారులు మిగిలాయి. కొత్త ఫ్యాక్టరీలో చేరి రోజంతా బిడ్డను వీధిలో వదిలేయాలి, లేదా ఊరికి పోవాలి. ఊరికే పోయింది. కాలువ నీళ్లు ఆ ఏడే వదులుతారన్నారు. ఆఖరిరోజు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అంజినితో చేతిమాటలో ఏదో చెప్పి వెళ్లారు. హాలులో అప్పటికే మోత ఆగిపోయింది, మామూలుగా మాట్లాడితే వినపడుతుంది, అయినా ఎవరూ నోటితో మాట్లాడలేదు. ఇది మా అమ్మ చెప్పింది కాదు, నేను చూసింది. నేనూ అంజినీ ఖాళీ పంచలో చాలాసేపు కూర్చున్నాం. నువ్వు నాతో వస్తావా అని అది నన్ను అడిగింది. నేను రానన్నాను. దానికి అర్థమైంది కానీ, మళ్లీ మళ్లీ అడిగింది.

ఊళ్లో జరిగింది నేను చూడలేదు. పెదనాన్న, పెద్దమ్మ, అంజిని చెప్పగా తెలిసింది.

పోయిన మొదటిరోజు నుంచే పెద్దమ్మకు ఆ ఊరు పట్టలేదు. "ఏం ఊరప్పా ఇది! ఒక్క సప్పుడు లేదు. కోడి కూడా కుయ్యదు. సచ్చినోళ్ల మాదిరి పడుండాది" అని ఎదురైనవాళ్లందరికీ చెప్పేది. పట్నం నుంచి వచ్చినదాని టెక్కు చూడమని జనం నవ్వుకున్నారు. కాశప్ప పెళ్లాం భీమక్క మొదట బాగానే పలకరించింది. కొన్నాళ్లకు మాట మానేసింది. వెనకనుంచి ఎంత పిలిచినా హులిగెమ్మ పలకదు, గుమ్మంలో నిలబడి అడిగినా పలకదు, ఎదురుగా పోయి నిలబడితే మాత్రం ఏమీ ఎరగనట్టు నవ్వుతూ మాట్లాడుతుంది, ఇంత గర్వం ఎవరికీ ఉండకూడదు అని ఊరంతా చెప్పింది. ఇక తల్లితోనే మాట్లాడని మనుషులు కూతురితో ఏం మాట్లాడతారు? అంజిని అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ల పెదవులు చూస్తూ ఉండేది. మొదట్లో చేతులు ఊపి పిలిచేది. పిల్లలు దాన్ని అనుకరించి నవ్వి పారిపోయేవాళ్లు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అది చూసి పెద్దమ్మకు అన్నం సహించేది కాదు. తాను భయపడింది భయపడినట్టే జరిగిందని పెదనాన్నతో రోజూ గొడవ పడేది.

ఒకరోజు మధ్యాహ్నం కాలువలో నీళ్లు వచ్చాయి. చేను దగ్గర ఉన్న పెదనాన్న ఆ నీళ్లు చూసి, పిచ్చి పట్టినట్టు కేకలు వేస్తూ ఊళ్లోకి పరిగెత్తుకొచ్చాడు. వీధి వీధంతా కదిలింది. ముసలివాళ్లు కూడా కర్రలు పట్టుకుని బయటికి వచ్చారు. పెద్దమ్మ మాత్రం తలుపు వైపు వీపు పెట్టి కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఎదురుగా అంజిని కూర్చుని ఉంది. తండ్రి గుమ్మంలో నిలబడి నోరంతా తెరిచి ఏదో చెప్పడం చూసింది, తల్లి మోకాలు తట్టి చేతులతో చెప్పింది. నాయన వచ్చినాడు, నిన్ను పిలుస్తాండాడు, కాలువలో నీళ్లు వచ్చినాయంట.

పెద్దమ్మ తిరిగి చూసింది. "ఎప్పుడు వచ్చినావు?" అంది.

పెదనాన్న ముఖంలో సంతోషం పోయింది. ఆయన వెనకే భీమక్క కూడా వచ్చి నిలబడింది. "గొంతు సించుకోని అరుస్తాండా కదే! ఊరంతా లేసింది. నీకు ఇనపళ్యా?" అన్నాడు.

"నువ్వు అరిసినావా?"

ఆయన లోపలికి వచ్చాడు. ఇంట్లోనే ఒక పక్క గాటికి కట్టేసిన ఎద్దులు దోమలకు తల విదిలిస్తున్నాయి. "ఆ గంటలు ఇనపడ్తాండాయా నీకు?" అని అడిగాడు.

"ఏ గంటలు? ఎద్దులకు గంటలు యాడ కట్టినావు నువ్వు?"

వాళ్లు ఊరికి వచ్చినరోజు నుంచి ఆ గంటలు వాటి మెడలోనే ఉన్నాయి. పెద్దమ్మ లేచి పోయి, ఒక గంటను చేత్తో పట్టుకుని ఊపింది. ఇంకా గట్టిగా ఊపింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. అన్ని సీజన్లు యంత్రం ముందు నిలబడిన మనిషి. చెవులు కొంచెం కొంచెంగా ఎప్పుడు పోయాయో, ఆ మోతలో ఎవరికీ తెలియలేదు, ఆమెకు అసలు తెలియలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకుంటూ, వింటున్నాననే అనుకుంది. ఊరికి వచ్చాక ఏ చప్పుడూ లేకపోతే ఊరిదే తప్పనుకుంది.

మొదట నవ్విందట. "ఊరిని తిట్టినా కదప్పా ఇన్ని దినాలు!" అని నవ్వి, అలాగే ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చింది. పెదనాన్న ఆమెకు ఏదో చెప్పాలని నోరు తెరిచాడు, ఆమె ముఖం ఎద్దు మెడలో దాచుకుని ఉంది, చెప్పినా చూడదు. అప్పుడు ఆ మొండి మనిషి, భీమక్క చూస్తుండగానే, కూతురి ముందు చతికిలబడి రెండు చేతులూ చాపాడు. ఏడవద్దని ఎట్లా చెప్పాలో చూపించమన్నాడు. అంజిని ఆయన లావాటి వేళ్లు పట్టుకుని వంచి చూపించింది. ఆయనకు సరిగ్గా రాలేదు. మళ్లీ చూపించింది.

కానీ నేను చెప్పాలనుకున్నది పెదనాన్న సంగతి కాదు, మరుసటిరోజు పొద్దుటి సంగతి. ఊరంతా నీళ్లు చూడటానికి కాలువ దగ్గరికి బయలుదేరుతోంది. భీమక్క తన గడప దాటి వచ్చింది. పెద్దమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది, అంజిని అరుగు మీద ఉంది. ఇన్నాళ్లూ గర్వమని తిట్టిన మనిషిని ఎలా పలకరించాలో తెలియక భీమక్క కాసేపు తటపటాయించింది. తర్వాత అంజిని ముందు గొంతుక్కూర్చుని, దాని గడ్డం పట్టుకుని, ఒక్కో మాటా నిదానంగా పలుకుతూ చెప్పింది.

"మీ అమ్మకు సెప్పు పాపా. కాలువ కాడికి పోదాము రమ్మని. భీమక్క పిలుస్తాందని సెప్పు."

ఆ ఊళ్లో అంజినితో ఒక బయటి మనిషి మాట్లాడటం అదే మొదలు. అది దిగ్గున లేచింది.

పొయ్యి దగ్గర పెద్దమ్మ అప్పటికే తిరిగి చూస్తోంది. భీమక్క పెదవులు ఆమెకు అక్కడికి స్పష్టంగా కనిపిస్తున్నాయి. మాట మొత్తం ముందే అర్థమైంది. అయినా గబుక్కున తల తిప్పుకుని, పొయ్యిలోకి ఒక పుల్ల తోసి, అంజిని వచ్చి చెప్పేదాకా ఏమీ తెలియనట్టు కూర్చుంది.